అడ్డగోడ పొయ్యికి ఆరు మూలాలు

ఆగస్టు 3, గురువారం

ఇవాళ వికీలో ‘అడ్డగోడ పొయ్యి’ వ్యాసం మీద ఎవరో కొత్త మనిషి చెయ్యి వేసింది. ‘చేపలకు పొగబెట్టే ఈ పొయ్యిని 1981లో చేపల శాఖ అధికారి క్వామెనా బెంట్సిల్ రూపొందించారు’ అన్న వాక్యం తీసేసి, ‘దీన్ని అపామ్‌లో మా అమ్మమ్మ ఎకువా తవియా కట్టింది’ అని పెట్టింది. మా అమ్మమ్మట! సభ్యనామం ‘అపామ్ అజోవా’, మా తీరంలోని ఆ చేపల ఊరి పేరే. పుస్తకం లేదు, పేపరు ముక్క లేదు. రెండు నిమిషాల్లో వెనక్కి తిప్పేసి పాత వాక్యమే పెట్టాను. ఎప్పుడూ పెట్టే నోటీసు కూడా ఆమె చర్చా పేజీలో పెట్టాను: మూలం లేనిది పెట్టకూడదు, సొంతవాళ్ళ గురించి రాయకూడదు, ప్రయోజన వైరుధ్యం ఉన్నవాళ్ళు ముందు ఆ సంగతి బయట పెట్టాలి.

పదకొండేళ్ళుగా ఈ నోటీసు ఎంతమందికి అంటించానో. పాస్టర్ల తమ్ముళ్ళకి, పాటగాళ్ళ మేనేజర్లకి, తన పేరు ముందు తానే ‘సుప్రసిద్ధ’ అని తగిలించుకున్న ఒక కౌన్సిలర్‌కి. వికీలో రాయడం నేర్చుకోడానికి నా దగ్గరికి వచ్చేవాళ్ళు వెనకాల నన్ను ‘రూల్స్ ఆంటీ’ అంటారని తెలుసు. అననీ.

ఒకటి మాత్రం రాసి పెట్టుకుంటున్నాను. ఆ వ్యాసంలో నాన్న గురించి నేను ఒక్క అక్షరం రాయలేదు. రాసింది నా దగ్గర నేర్చుకున్న ఎకో, బయాలజీ టీచరు. ఆరు మూలాలతో రాశాడు. నాన్న పేరున విడిగా ఉన్న పేజీ కూడా అతను రాసిందే. క్వామెనా బెంట్సిల్ మా నాన్న అని అతనికి తెలియదు. నన్ను అందరూ మొగుడి ఇంటిపేరుతో అరబా ఎషున్ అనే ఎరుగుదురు. వికీలో ఆ పేరూ లేదు, ‘ఉప్పుగాలి’ అంతే.

ఆగస్టు 4

మళ్ళీ పెట్టింది. మళ్ళీ తీశాను.

ఆగస్టు 6, ఆదివారం

చర్చి నుంచి తిన్నగా అమ్మ దగ్గరికి వెళ్ళాను. పులిసిన మొక్కజొన్న పిండితో చేసిన కెంకే ముద్ద, వేయించిన చేప, మిరప పచ్చడి. అపామ్‌లో కొత్తగా కట్టిన చేపల పొగకేంద్రం వాళ్ళు నిన్న అమ్మ దగ్గరికి వచ్చారట. సెప్టెంబరు పదహారున ప్రారంభం. దానికి నాన్న పేరు పెడుతున్నారు. ఫొటో కావాలన్నారట.

“ఎవరు చెప్పారట వాళ్ళకి, నాన్న పేరు?” అన్నాను.

“ఫోన్లో ఉందట. ఫోన్లో చూసే పెడుతున్నాం అన్నారు.” అమ్మ చేపముల్లు తీస్తూ తలెత్తలేదు. “ఫొటో నీ దగ్గరే కదా, నాన్న పెట్టెలో.”

“రేపు తీస్తాలే.”

అమ్మకి చాలా సంతోషంగా ఉండి ఉంటుంది. ఎక్కువ మాట్లాడలేదు.

ఆగస్టు 7

ఇవాళ పెట్టె తీయడం కుదరలేదు. కాలేజీ లైబ్రరీలో పని.

ఆగస్టు 9, బుధవారం

అపామ్ అజోవా నా చర్చా పేజీలో రాసింది. ఇక్కడ ఎక్కించుకుంటున్నాను:

‘ఉప్పుగాలి గారూ, నేను నా పేరు చెప్పాను, ఊరు చెప్పాను, మా అమ్మమ్మ పేరు చెప్పాను. మీరు నాకు ప్రయోజన వైరుధ్యం ఉందన్నారు. ఉంది. నేను దాచలేదు. మరి మీరెవరు?’

ఇక్కడ మనుషుల గురించి కాదు, దిద్దుబాట్ల గురించే మాట్లాడతామని జవాబు రాశాను. అది నియమమే. నేను కల్పించింది కాదు.

అయినా పొద్దుటి నుంచీ ఒళ్ళు మండిపోతోంది. ఎంత పొగరు ఆ పిల్లకి!

ఆగస్టు 10

పెట్టె తీయలేదు.

ఆగస్టు 12, శనివారం

నా మీద నాకే విసుగొచ్చి, ఎవరి వ్యాసానికైనా చేసే పని దీనికీ చేద్దామని కూర్చున్నాను. ఆరు మూలాలూ ఒక్కొక్కటే పట్టుకుని వెనక్కి నడిచాను.

ఆరోది ఒక యూనివర్సిటీ థీసిస్. అది ఐదోదాన్ని, 2014 నాటి ఒక పత్రికా వ్యాసాన్ని చూపిస్తోంది. నాలుగు, మూడు కూడా పత్రికా వ్యాసాలే. వాటిలోని వాక్యాలు రెండో మూలంలోవి, మక్కీకి మక్కీ. రెండోది 2001 నాటి పేపర్లో సంతాప వార్త. ఆ వార్త చివర ‘కుటుంబం ప్రచురించిన అంత్యక్రియల పుస్తకం నుంచి’ అని ఉంది. మొదటిది ఆ పుస్తకమే, అంత్యక్రియల రోజు అందరికీ పంచేది.

ఆ పుస్తకం నేను రాశాను.

నాన్న పోయిన ఏడో రోజున అందరూ నల్లబట్టల్లో మా వాకిట్లో కూర్చున్నారు. వారాల తర్వాత జరిపే అంత్యక్రియలకి తేదీ, చర్చి, భోజనాలు అన్నీ తేల్చాక జీవితచరిత్ర ఎవరు రాస్తారన్న మాట వచ్చింది. చదువుకున్నదాన్ని నేనే కాబట్టి నాకే అప్పగించారు. రాసింది చదివి వినిపిస్తే పెదనాన్న పెదవి విరిచాడు.

“ఇదేంటే, ఉద్యోగంలో చేరాడు, బదిలీ అయ్యాడు, రిటైరయ్యాడు. మా తమ్ముడు బస్సనుకున్నావా, స్టాపులు చెప్తున్నావు? ఒక్క ఘనకార్యం ఉండద్దూ?”

అందరూ నవ్వారు. నాకు అవమానంగా అనిపించింది, నాన్న కోసం. లోపలికి పోయి ఒక వాక్యం కలిపాను: ‘మన తీరంలోని ప్రతి చేపలమ్మ కన్నీళ్ళు తుడిచిన అడ్డగోడ పొయ్యి ఆయన సృష్టి.’ చర్చిలో శవపేటిక పక్కన నిలబడి అది నేనే చదివాను. ఆడవాళ్ళు బావురుమన్నారు.

అంటే ఆరు మూలాలు లేవు. ఉన్నది నేను ఒక్కదాన్నే.

కానీ మూలం బలహీనమైనంత మాత్రాన సంగతి అబద్ధమైపోదు. ఆ పొయ్యి దగ్గర నాన్నను నా కళ్ళతో చూశాను. నాకు ఆరేళ్ళు. మోకాళ్ళ దాకా ఎర్రమట్టి. ఇంకేం కావాలి?

ఆగస్టు 15, మంగళవారం

మంగళవారం వేటకి పోకూడదని ఆచారం కదా, పడవలు కదలవు, చేపలవాళ్ళు ఇళ్ళలోనే ఉంటారని అపామ్ వెళ్ళాను. నాన్న ఫొటోల కోసం వచ్చానని చెప్పుకోవచ్చు అనుకున్నాను.

అజోవా అమ్మమ్మ, ఊరంతా ‘మామె’ (అమ్మ) అని పిలిచే తవియా, వాకిట్లో బోర్లించిన తొట్టి మీద కూర్చుని ఉంది. డెబ్బై ఎనిమిదేళ్ళట. పొగకి కళ్ళు శాశ్వతంగా ఎర్రబడిపోయాయి. నేను నోరు విప్పకముందే నా మొహం పట్టి చూసింది.

“ఇది బెంట్సిల్ ఆఫీసరు నుదురే! ఆయన కూతురివి కదూ?”

“అవును మామె.”

“అజోవా, చేప పెట్టు. ఆఫీసరు కూతురు.”

అజోవా ముప్పై ఏళ్ళ మనిషి, స్కూల్లో పాఠాలు చెప్తుంది. నన్ను ఓసారి ఎగాదిగా చూసి చేప తెచ్చి పెట్టింది. నేను తింటుంటే ముసలావిడ చెప్పుకుపోయింది. చిన్నకూతురు కడుపులో ఉన్నప్పుడు పొగ అసలు పడేది కాదట. విరిగిన పడవ పలక ఒకటి పొయ్యి మధ్యలో నిలబెట్టి, దాని మీద మట్టి మెత్తింది. పొగ మొహం మీదికి రాకుండా వెనక్కి తిరిగింది. కట్టెలు కూడా సగమే పట్టాయి.

“మీ నాన్న టేపు పట్టుకొచ్చాడు. వారం రోజులు ఇదిగో ఈ తొట్టి మీదే కూర్చుని కొలిచాడు. కొలిచిందే కొలవడం! ‘ఏంటయ్యా, నా పొయ్యికి గౌను కుడతావా?’ అన్నాను. మట్టి తొక్కుతానని బూట్లతో దిగాడు మహానుభావుడు. నా మొగుడు నవ్వలేక చచ్చాడు.” ఆమె ఇప్పుడు కూడా నవ్వింది. “కానీ ఒకటి చెప్పనా, ఆయన కొలత తప్పదు. ఆయన కాగితం చూసే మంఫోర్డ్‌లో కట్టారు, సెన్యాలో కట్టారు. ఒక్క పొయ్యి కూడా పగల్లేదు.”

మోకాళ్ళ దాకా ఎర్రమట్టి.

“ఆ మాటలన్నీ ఎందుకమ్మమ్మా ఇప్పుడు?” అంది అజోవా. “కంప్యూటర్లో కూర్చున్న ఆ ఉప్పుగాలిగాడు నమ్మాలి కదా! నేను రాస్తాను, వాడు చెరుపుతాడు. ఏ పని లేని మగాడెవడో అయ్యుంటాడు.”

నేను చేప నములుతూ కూర్చున్నాను.

“బోర్డు మీద ఆయన పేరు పెట్టుకోనీ అమ్మా,” అంది మామె తవియా. “మంచాయన. నాకు బోర్డు దేనికి, చదవలేను కూడా. కానీ నా కోడళ్ళు ఫోను తెచ్చి నాకు చదివి వినిపించారు. ‘ఇన్నాళ్ళూ మా పొయ్యి మా పొయ్యి అని కోతలు కోశావు కదా అత్తా, చూడు ఎవరిదో’ అన్నారు. పొగకేంద్రం వాళ్ళు నన్ను ముందు వరసలో కూర్చోబెడతారట, ఆఫీసరు గారి మొదటి శిష్యురాలినని. ఈ వయసులో ఊరందరి ముందూ అబద్ధాలకోరునయ్యానమ్మా.”

చెప్పాల్సింది. అక్కడే, చేప చేతిలో ఉండగానే చెప్పాల్సింది. వచ్చేటప్పుడు ఆకులో చుట్టి మరో నాలుగు చేపలు ఇచ్చింది. తీసుకున్నాను.

ఆగస్టు 16

బస్సు టైమైపోతోందని చెప్పలేదు.

ఆగస్టు 17

బస్సులు ఆరింటి దాకా ఉన్నాయి.

ఆగస్టు 20, ఆదివారం

అమ్మని అడిగేశాను. “ఆ పొయ్యి నాన్నదేనా?”

అమ్మ చేతిలో గిన్నె పక్కన పెట్టింది. “ఆయన ఏనాడూ నాదనలేదు. నువ్వే అన్నావు.”

“మరి అప్పుడే చెప్పొచ్చు కదా అమ్మా!”

“ఎప్పుడు చెప్పను? నా మొగుడి శవం ఎదురుగా ఉంది. నువ్వేమో చదువుతూ ఏడుస్తున్నావు. జనమంతా ఏడుస్తున్నారు. లేచి ‘ఆగవే, అది తప్పు’ అనమంటావా?”

“తర్వాతైనా...”

“తర్వాత నువ్వు దాన్ని నమ్మేశావు. నీ మొహం చూసి ఊరుకున్నా.” పక్కన పెట్టిన గిన్నె మళ్ళీ తీసుకుంది. “ఆయన ఉంటే నిన్ను కొట్టేవాడే అరబా. ఎప్పుడూ కొట్టలేదు గానీ, దీనికి కొట్టేవాడు.”

ఇరవై రెండేళ్ళుగా నేను నాన్నకు పేరు తెస్తున్నానని అనుకున్నాను. చచ్చినవాడి నోట్లో అబద్ధం పెట్టాను. ఆయన ఉమ్మెయ్యడానికి కూడా లేదు.

ఆగస్టు 21, సోమవారం

పెట్టె తెరిచాను.

ఏముందో నాకు తెలుసు. అందుకే తెరవలేదు. ఇక్కడైనా నిజం రాయకపోతే ఈ డైరీ ఎందుకు?

చేపల శాఖ అచ్చువేసిన 1982 వార్షిక నివేదిక. ముప్పై ఒకటో పేజీ మూల నాన్నే మడిచాడు. ఆ పేజీ రాసింది ఆయనే, కింద పేరుంది: ‘ఈ పొయ్యి అపామ్‌కు చెందిన శ్రీమతి ఎకువా తవియా తన సొంత ఆలోచనతో కట్టినది. ఈ రచయిత కొలతలు మాత్రమే తీసుకున్నాడు.’

అంత్యక్రియల పుస్తకం రాసేటప్పుడు, పెదనాన్న పెదవి విరిచిన ఆ రోజే, ఈ పేజీ చదివాను. చదివాకే ఆ వాక్యం రాశాను.

ఇంకొకటి. మా కాలేజీ లైబ్రరీలో కూడా ఈ నివేదిక ప్రతి ఒకటుంది. 2011లో పాత కాగితాలతో పాటు వచ్చింది. జాబితాలోకి ఎక్కించాల్సింది నేను. ఎక్కించలేదు. గోడవారగా ఉన్న కట్టల అడుగున పెట్టాను. మూలం లేదు అని అజోవాకి రాసినప్పుడు ఆ కట్ట నా కుర్చీకి పది అడుగుల దూరంలో ఉంది.

ఆగస్టు 24, గురువారం

పొద్దున వ్యాసం చర్చా పేజీలో పెట్టాను: ‘నేను క్వామెనా బెంట్సిల్ కూతురిని. ఈ వ్యాసానికి నాకు ప్రయోజన వైరుధ్యం ఉంది. అది దాచి అపామ్ అజోవా దిద్దుబాట్లను రెండుసార్లు తిప్పేశాను. ఇక్కడున్న ఆరు మూలాలూ నేను 2001లో రాసిన ఒక తప్పు వాక్యం నుంచే వచ్చాయి. పొయ్యి ఎకువా తవియాది.’

పావుగంటలో ఎకో ఫోను.

“ఆంటీ, మీ అకౌంటు ఎవడో దొంగిలించాడు! ఏదేదో రాస్తున్నాడు. వెంటనే పాస్‌వర్డు మార్చండి.”

“నేనే రాశాను ఎకో.”

నేను రాసింది పైకి చదివాడు. తర్వాత మెల్లిగా, “మీ నాన్నగారా?” అన్నాడు.

“అవును.”

“నాకెందుకు చెప్పలేదు ఆంటీ? సంవత్సరం కూర్చుని రాశాను.”

“వ్యాసం సరిచెయ్యి ఎకో.”

“ఎలా చెయ్యను? మీ మాట మూలం కాదు కదా. మీరే నేర్పారు. కూతురు పొగిడినా తిట్టినా ఒకటే అని మీరే అన్నారు.” గొంతులో వెటకారం లేదు, ఉంటే బాగుండేది.

అప్పుడు నివేదిక సంగతి చెప్పాను. లైబ్రరీ ప్రతిని జాబితాలోకి ఎక్కించి, ముప్పై ఒకటో పేజీ అతనికి పంపాను. చూసి, “ఇది పనికొస్తుంది. నేను మారుస్తాను. మీరు మాత్రం ముట్టుకోకండి,” అన్నాడు. నా నోటి మాట నాకే అప్పజెప్పాడు.

మధ్యాహ్నానికి నా మాట కింద అజోవా ఒక్క వాక్యం రాసింది.

‘మా ఇంట్లో కూర్చుని చేప తిన్నారు.’

ఆగస్టు 25

నాన్న పెట్టెలోంచి నివేదిక తీసి సంచిలో పెట్టాను.

ఆగస్టు 29, మంగళవారం

నివేదిక సంచిలో పెట్టుకుని అపామ్ వెళ్ళాను. అజోవా వాకిట్లో అడ్డంగా నిలబడింది.

“ఇవాళ ఏం కావాలి ఉప్పుగాలీ?”

“మీ అమ్మమ్మకి ఒకటి చదివి వినిపించాలి. తర్వాత పొమ్మంటే పోతాను.”

లోపలి నుంచి ముసలావిడ కేకేసింది. “ఎవరే?” అజోవా పక్కకి జరిగింది.

ముందు నేను చేసినదంతా చెప్పాను. చర్చిలో చదివిన వాక్యం, మడిచిన పేజీ, లైబ్రరీలో కట్ట అడుగున పెట్టింది, ఇక్కడ తిన్న చేప కూడా. చెప్తూ ఏడ్చాను. సిగ్గుగా ఉంది రాయడానికి. మామె తవియా ఓదార్చలేదు.

“ఆఫీసరు ఏం రాశాడో చదువు,” అంది.

చదివాను.

“నా పేరు చెప్పాడా?”

“చెప్పాడు మామె. ఎకువా తవియా అని.”

“ముందు శ్రీమతి అని ఉందా?”

“ఉంది.”

ఆమె తొట్టి మీద సర్దుకుని కూర్చుంది. “అజోవా, నా కోడళ్ళని పిలువు. ఇద్దరినీ. పక్కింటివాళ్ళని కూడా రమ్మను.” వాళ్ళంతా వచ్చి నిలబడ్డాక నా వైపు తిరిగింది. “మళ్ళీ చదువు. గట్టిగా చదువు. చర్చిలో చదివినట్టు.”

చదివాను. పెద్దకోడలు తల వంచుకుంది. చిన్నది, “అయితే ఆ ఫోన్లో ఉన్నది?” అని అడిగింది.

“అది నేను రాసిన అబద్ధం,” అన్నాను.

మూడోసారి చదవమంది. చదివాను. ఆ తర్వాత మామె తవియా పైబట్టతో కళ్ళు తుడుచుకుంది. ఆ కళ్ళు ఎప్పుడూ నీరు కారుతూనే ఉంటాయి కాబట్టి ఏడ్చిందో లేదో నాకు తెలియదు.

ఈసారి చేప పెట్టలేదు. అజోవా గుమ్మం దాకా వచ్చి, “ఆ పేజీ ఫొటో తీసుకోవచ్చా?” అంది. పుస్తకమే ఇచ్చేశాను. నాన్న మడిచిన మూల ఒక్కసారి తడిమి ఇచ్చాను.

సెప్టెంబరు 4, సోమవారం

ఎకో వ్యాసం మార్చాడు. బాగా రాశాడు. ఒక చోట కామా ఎక్కువైంది. ముట్టుకోలేదు.

సాయంత్రానికి అక్రా నుంచి ఎవరో నాన్న పేజీని తొలగించాలని ప్రతిపాదించారు. పొయ్యి తీసేస్తే ఆయనలో చెప్పుకోదగ్గదేముంది, మామూలు ఉద్యోగి, అని. ఏడు రోజుల చర్చ. నేను మాట్లాడకూడదు.

ఏడు రోజులు. నాన్న పోయినప్పుడు కూడా ఏడో రోజునే అందరూ మా వాకిట్లో కూర్చున్నారు.

సెప్టెంబరు 7

తొలగించాలి: నాలుగు. ఉంచాలి: ఒకటి. ఆ ఒకటి ఎకో. ‘మంచి కొలతలు కూడా ఒక పనే’ అని రాశాడు. నియమాల ప్రకారం అది వాదన కాదు. నా విద్యార్థి ఇలాంటిది రాస్తే కొట్టేసేదాన్ని. పదిసార్లు చదువుకున్నాను.

సెప్టెంబరు 8

‘మామూలు ఉద్యోగి’ అన్నవాడికి జవాబు టైపు చేశాను. పెద్దదే. చెరిపేశాను.

సెప్టెంబరు 11, సోమవారం

నాన్న పేజీ తీసేశారు. ఆ పేరు వెతికితే ‘ఈ పేరుతో పేజీ లేదు’ అని వస్తోంది.

అమ్మకి చెప్పాను. “నొప్పి పుట్టిందా?” అంది.

“పుట్టింది.”

“నాకూ పుట్టింది,” అంది అమ్మ.

సెప్టెంబరు 16, శనివారం

ప్రారంభానికి నేను వెళ్ళలేదు. ఎవరూ పిలవలేదు. అమ్మని మాత్రం మామె తవియా మనిషిని పంపి మరీ పిలిపించుకుంది. అమ్మ సంతోషాలకి కట్టే తెల్లబట్టలు కట్టుకుని వెళ్ళింది. అజోవా ఆ పేజీ పట్టుకెళ్ళి చూపించాక పేరు మార్చారట, బోర్డు మీద ఎకువా తవియా పేరు ఉందట. ముందు వరసలో ఇద్దరు ముసలమ్మలూ పక్కపక్కన కూర్చున్నారట.

“ఏం మాట్లాడుకున్నారు?” అన్నాను.

“బూట్లతో మట్టిలోకి దిగాడట కదా, ఆ బూట్లు కడిగింది నేనేనని చెప్పా. ఎర్రమట్టి, ఓ పట్టాన పోతుందా! నవ్వుకున్నాం.” అమ్మ ఆకుల పొట్లం నా ముందు పెట్టింది. “నీకిమ్మంది.”

“మామెనా?”

“కాదు. ఆ మనవరాలు.”

సెప్టెంబరు 17, ఆదివారం

వికీలో ప్రతి సభ్యుడికీ తన గురించి చెప్పుకునే పేజీ ఒకటుంటుంది. పదకొండేళ్ళుగా నాది ఖాళీ. పొద్దున చేప తిని, చేతులు కడుక్కుని, దాన్ని నింపాను.

‘నా పేరు అరబా బెంట్సిల్ ఎషున్. లైబ్రేరియన్‌ని. అడ్డగోడ పొయ్యి గురించి, అపామ్ గురించి, చేపల శాఖ గురించి నేను ఇక్కడ ఏమీ రాయను. ఎందుకంటే నేను క్వామెనా బెంట్సిల్ కూతురిని. ఆయన పొయ్యిలు కొలిచేవాడు. ఆయన కొలత తప్పేది కాదు.’

మూలం ఏది అని ఎవరైనా అడుగుతారేమోనని సాయంత్రం దాకా చూశాను. ఎవరూ అడగలేదు.